విసుగు, తోచకపోవడం, మొహం మొత్తడం: బెంగళూరు తెలుగువారు తరచుగా అడిగే ప్రశ్నలు

బెంగళూరులో మారతహళ్లి పరిసరాల్లో 19 ఏళ్లుగా ఉంటున్నాను. ఉగాది పచ్చడి పంచుకునే ఉదయమైనా, ఆదివారం సాయంత్రం పార్కు బెంచీ మీదైనా, ఇక్కడ తెలుగువాళ్లు నలుగురు కలిస్తే ట్రాఫిక్కు, ఇంటి అద్దె, నీళ్ల ట్యాంకరు తరవాత వచ్చే నాలుగో మాట ‘బోర్ కొడుతోంది’ అన్నదే. ఆ మాట వెనక మళ్లీ మళ్లీ వినిపించిన ప్రశ్నలకు, నేను చదివినదాన్ని, చూసినదాన్ని కలిపి సమాధానాలు రాశాను. నేను వైద్యుణ్ణి కాను. వైద్యుల దగ్గరికి వెళ్లవలసిన సందర్భం ఏదో చివరి ప్రశ్నలో ఉంది.

విసుగు అంటే పని లేకపోవడమేనా?

కాదు. పని లేకపోయినా హాయిగా ఉండేవాళ్లున్నారు, ఊపిరాడనంత పనిలో ఉండి కూడా విసుగుతో కుమిలిపోయేవాళ్లున్నారు. మధ్యాహ్నం భోంచేసి వేపచెట్టు కింద నులకమంచం మీద నడుం వాల్చిన మనిషికి పని లేదు, కానీ అతనికి విసుగూ లేదు, ఎందుకంటే అతనికి ఆ క్షణంలో వేరే ఏదీ అక్కరలేదు. కెనడాకు చెందిన మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ ఈస్ట్‌వుడ్, ఆయన సహచరులు 2012లో విసుగుకు ఇచ్చిన నిర్వచనం ఈ తేడానే పట్టుకుంది: తృప్తినిచ్చే పనిలో మనసు పెట్టాలన్న కోరిక ఉండి, పెట్టలేకపోవడంలో కలిగే బాధే విసుగు. కోరిక లేకపోతే అది బద్ధకమో, విశ్రాంతో అవుతుంది. మనసు నిలిచిపోతే అది పనో, ఆటో అవుతుంది. కోరిక ఉండి మనసుకు పట్టు దొరకనప్పుడే విసుగు.

మన భాషకు ఈ సంగతి ముందే తెలుసుననిపిస్తుంది. ‘నాకు ఏమీ తోచడం లేదు’ అంటాం. ఆ వాక్యంలో ‘నేను’ కర్తను కాను. తోచవలసినది ఏదో ఉంది, అది నాకు తోచాలి, తోచడం లేదు. ‘బోర్ కొడుతోంది’ అన్నప్పుడు కూడా కొట్టేది బయటి నుంచి వచ్చినదే, తినేది మనం. లోపల వెతుక్కోవలసిన మనిషి బయటి నుంచి ఏదైనా వస్తుందేమోనని ఎదురుచూడటం ఈ స్థితి లక్షణం.

అందరికీ వచ్చేది ఒకే రకమైన విసుగేనా?

కాదు. నా ఉద్దేశంలో ఈ పేజీలో అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. ‘బోర్’ అన్న మాట వచ్చి మన దగ్గరున్న నాలుగైదు మాటలను ఒక్కటిగా కలిపేసింది, దానితో అన్ని రకాల విసుగుకూ ఒకే మందు వేయడం మొదలుపెట్టాం. వేరు చేసి చూడండి.

తోచకపోవడం ఒకటి. చేతిలో సమయం ఉంది, శక్తి ఉంది, ఏం చేయాలో మనసులోకి రావడం లేదు. కొత్తగా పీజీ హాస్టల్లో చేరిన కుర్రవాడి శనివారం ఇటువంటిది.

పొద్దుపోకపోవడం మరొకటి. ఇక్కడ లోటు ఆలోచనలది కాదు, రోజుకు ఉండవలసిన మలుపులది. పాలవాడు రావడం, పేపరు రావడం, పక్కింటివాళ్లు పలకరించడం వంటివి లేని రోజు పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే మైదానంలా ఉంటుంది. పిల్లల దగ్గరికి వచ్చిన పెద్దవాళ్లు ఎక్కువగా అనే మాట ఇదే.

మొహం మొత్తడం మూడోది. దీనికి కారణం లేమి కాదు, అతి. సంక్రాంతి అరిసెలు మొదటి రోజు ఎంత బాగుంటాయో, డబ్బా అడుగుకు వచ్చేసరికి అంత వెగటుగా ఉంటాయి. వరసగా మూడు సీజన్ల సీరియల్ ఒకే వారాంతంలో చూసినవాడికి కలిగేది తోచకపోవడం కాదు, ఇది.

ఇక అసలు విసుగు. ఇందులో కొంచెం కోపం కలిసి ఉంటుంది. ‘పిల్లల మీద ఎందుకలా విసుక్కుంటావు’ అన్నప్పుడు వినిపించేది ఆ కోపమే. తప్పించుకోలేని పని, అర్థం కనిపించని పని, మళ్లీ మళ్లీ చేయవలసి వచ్చినప్పుడు ఇది పుడుతుంది.

మొహం మొత్తినవాడికి ఇంకొంచెం వడ్డించకూడదు, పొద్దుపోనివాడికి ‘విశ్రాంతి తీసుకోండి’ అని చెప్పకూడదు. మీరు ‘బోర్’ అనబోయినప్పుడల్లా ఆ మాటను పక్కనపెట్టి, ఈ నాలుగింటిలో ఏది సరిపోతుందో చూడటం మొదటి మెట్టు.

మెదడుకు విసుగు ఎందుకు? దానివల్ల ప్రయోజనం ఏమైనా ఉందా?

ఆకలి ఎటువంటిదో ఇదీ అటువంటిదే. ఆకలి బాధ పెడుతుంది కాబట్టి తిండి వెతుక్కుంటాం; విసుగు బాధ పెడుతుంది కాబట్టి చేస్తున్నదాన్ని వదిలి వేరొకటి వెతుక్కుంటాం. ఈ సంకేతమే లేకపోతే ఫలితం ఇవ్వని పనిని పట్టుకుని కూర్చునేవాళ్లం.

మెదడు ఏ మేతా లేకుండా ఉండలేదని 1950లలో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో స్పష్టంగా చూశారు. రోజుకు 20 డాలర్లు ఇచ్చి కళాశాల విద్యార్థులను మంచం మీద ఊరికే పడుకోమన్నారు. కళ్లకు వెలుతురు తప్ప ఆకారాలు కనిపించని అద్దాలు, చేతులకు స్పర్శ తెలియకుండా తొడుగులు, చెవులకు ఒకే తీరు రొద. తినడానికి, కాలకృత్యాలకు మాత్రమే లేవాలి. ఆ రోజుల్లో అది మంచి డబ్బే అయినా, చాలామంది రెండు మూడు రోజులకు మించి ఉండలేకపోయారు. కొందరికి లేనివి కనిపించడం మొదలైంది. ఆ ప్రయోగాల గురించి వుడ్‌బర్న్ హెరాన్ 1957లో రాసిన వ్యాసం ఇప్పటికీ ప్రస్తావనకు వస్తూ ఉంటుంది.

అంతకన్నా చిత్రమైనది 2014లో అమెరికాలోని వర్జీనియా విశ్వవిద్యాలయానికి చెందిన తిమోతీ విల్సన్ బృందం ప్రచురించిన ప్రయోగం. మనుషులను ఒక గదిలో 15 నిమిషాలు ఒంటరిగా, ఫోను, పుస్తకం ఏమీ లేకుండా, ఆలోచనలతోనే కూర్చోమన్నారు. గదిలో ఒక మీట ఉంది, నొక్కితే చిన్న కరెంటు షాకు కొడుతుంది. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బైనా ఇస్తామని అంతకుముందే చెప్పినవాళ్లలో, 18 మంది మగవాళ్లకు 12 మంది, 24 మంది ఆడవాళ్లకు ఆరుగురు, కనీసం ఒక్కసారైనా తమకు తామే షాకు ఇచ్చుకున్నారు. ఒకాయన 190 సార్లు నొక్కాడు. గోడకు మొబైలు ఛార్జింగు పెట్టి, ఐదు నిమిషాలకొకసారి లేచి వెళ్లి చూసి వచ్చే నా బోటివాడు ఆయన్ను చూసి నవ్వకూడదు.

పని సులువుగా ఉంటేనే విసుగు వస్తుందా?

మరీ సులువైనా వస్తుంది, మరీ కష్టమైనా వస్తుంది. 1970లలో మిహాయ్ చిక్సెంట్‌మిహాయి అనే మనస్తత్వ శాస్త్రవేత్త చెప్పిన ప్రకారం, మన నైపుణ్యానికి పని కొంచెం బరువుగా ఉన్నప్పుడే మనసు అందులో లీనమవుతుంది. నైపుణ్యం కన్నా పని బాగా తేలికైతే విసుగు, బాగా బరువైతే ఆందోళన. దీనికి నా అనుభవంలో చూసిన సవరణ ఒకటి ఉంది. బరువైన పని నుంచి తప్పించుకోలేనప్పుడు ఆ ఆందోళన కూడా మెల్లగా విసుగు వేషం వేస్తుంది. తరగతిలో లెక్కలు అర్థం కాని పిల్లవాడు ‘అర్థం కావడం లేదు’ అని చెప్పడు, ‘బోర్’ అంటాడు. అలా చెప్పడంలో పరువు నష్టం తక్కువ. ఆఫీసులో కొత్త టెక్నాలజీ మీద ఇచ్చిన శిక్షణ బోర్‌గా ఉందని మీరు అన్నప్పుడు, అది నిజంగా తేలికగా ఉండి బోరా, పునాది తెలియక బోరా అన్నది మీకు మీరే చెప్పుకోవడం మంచిది. మొదటిదైతే ముందుకు దూకాలి, రెండోదైతే రెండు పాఠాలు వెనక్కి వెళ్లాలి.

నైట్ షిఫ్టులో రాత్రంతా స్క్రీను చూస్తూ కూర్చోవాలి. ఏదీ జరగదు, కానీ జరిగితే పట్టుకోవాలి. ఈ విసుగును ఎలా భరించాలి?

ఈ ఊళ్లో వేలమంది తెలుగు పిల్లలు చేస్తున్న పని ఇది. ముందుగా తెలుసుకోవలసింది, ఇది మీ లోపం కాదు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాడార్ తెరలు చూసే సిబ్బంది కొంతసేపటికే గుర్తులను వదిలేస్తున్నారని గమనించి, నార్మన్ మ్యాక్‌వర్త్ అనే ఆంగ్లేయ శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. అంకెలు లేని గడియారం మీద ముల్లు ఒక్కో గంతు వేస్తూ తిరుగుతుంది, ఎప్పుడో ఒకసారి రెండు గంతులు ఒకేసారి వేస్తుంది, అది కనిపెట్టాలి. రెండు గంటల కాపలాలో మొదటి అరగంట దాటగానే కనిపెట్టడం గణనీయంగా తగ్గిపోయింది. 1948లో ప్రచురించిన ఈ ఫలితం ఇప్పటికీ నిలబడే ఉంది.

అందువల్ల వీలుంటే అరగంటకు ఒకసారి పని మార్చుకోండి. ఇద్దరున్న షిఫ్టులో ఒకరు తెర చూస్తుంటే మరొకరు టికెట్లు (వచ్చిన సమస్యల నమోదు) రాయడం, తరవాత తారుమారు కావడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఒక్కరే ఉంటే లేచి నిలబడి చూడండి, ప్రతి గంటకూ చూసినదాన్ని ఒక వాక్యంగా చేత్తో రాయండి. రాయవలసి ఉందని తెలిసినప్పుడు కన్ను వేరేగా చూస్తుంది.

మనవాళ్లు ‘పనీపాటా’ అని ఆ రెండింటినీ ఒకే మాటలో ఎందుకు కట్టారో ఒకసారి ఆలోచించండి. దంచడం, విసరడం, నాట్లు వేయడం కన్నా మార్పులేని పనులు లేవు. దంపుళ్ల పాటలు, తిరగలి పాటలు, నాట్ల పాటలు పుట్టింది ఆ పనుల దగ్గరే. పాట చేతికి లయ ఇచ్చింది, పక్కవారితో జత కట్టింది, పొద్దును చరణాలుగా విడగొట్టింది. చెవిలో హెడ్‌ఫోను పెట్టుకుని వినే పాటలో మొదటిది కొంత మిగిలింది, రెండోది పోయింది. అలారం వినపడవలసిన చోట అదీ కుదరదు కాబట్టి, పక్క సీటు మనిషితో నాలుగు మాటలకు మేనేజరు అడ్డు చెప్పకపోవడమే మేలు.

రోజంతా మీటింగులే. క్షణం తీరిక లేదు. అయినా విసుగే. ఎందుకు?

ఎంచుకునే వీలు లేకపోవడం, ఫలితం కనిపించకపోవడం దీనికి రెండు మూలకారణాలు. మీ గొంతు అక్కరలేని మీటింగులో మీరు ప్రేక్షకులు, పైగా లేచి వెళ్లిపోలేని ప్రేక్షకులు. అక్కరలేనివాటిని మానేసే అధికారం లేకపోతే, ఉన్నవాటిలో ఒక్కదానికైనా రాతబాధ్యత తీసుకోండి. ఏం నిర్ణయించారో మూడు వాక్యాల్లో రాసి పంపవలసినవాడికి వినడంలో పని దొరుకుతుంది.

కంపెనీలో ప్రాజెక్టు లేక బెంచ్ మీద ఉన్నాను. జీతం వస్తోంది, పని లేదు. అందరూ అదృష్టవంతుడివంటున్నారు. నాకు మాత్రం పిచ్చెక్కుతోంది.

రెండు వారాలు అదృష్టమే. ఆ తరవాత అది తోచకపోవడం కాదు, భయంతో కలిసిన పొద్దుపోకపోవడం. ఎప్పుడు పిలుస్తారో తెలియదు కాబట్టి పెద్ద పని ఏదీ మొదలుపెట్టం, చిన్న పని దేనికీ విలువ కనిపించదు. ఈ స్థితిలో ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒకటే: కోర్సులు పది తెరవకండి. నాలుగు రోజుల్లో పూర్తయి, చేతికి ఒక వస్తువుగా వచ్చేదాన్ని ఒక్కదాన్ని చేయండి. అది చిన్న ప్రోగ్రామైనా సరే, అమ్మ చేసే గోంగూర పచ్చడి నేర్చుకుని సీసాలో పెట్టినా సరే. పూర్తి కావడంలో ఉన్న రుచి నేర్చుకుంటూ ఉండటంలో లేదు.

విసుగు వచ్చినప్పుడు ఫోను తీస్తాను. అది కూడా పరిష్కారమే కదా?

ఫోను తీయడం తప్పు కాదు, కానీ మనం దాన్ని వాడే పద్ధతి విసుగును పెంచుతోందనడానికి ఆధారం ఉంది. టొరంటో విశ్వవిద్యాలయానికి చెందిన కేటీ టామ్, మైకెల్ ఇంజ్‌లిక్ట్ 2024లో ప్రచురించిన ప్రయోగాల్లో ఒకటి ఇలా ఉంది: కొందరికి పది నిమిషాల వీడియో ఒకటే ఇచ్చారు, ముందుకు జరపకూడదు. మరికొందరికి ఐదు నిమిషాల వీడియోలు ఏడు ఇచ్చి, పది నిమిషాల్లో ఇష్టం వచ్చినట్టు మార్చుకోమన్నారు. మార్చుకునే వీలుంటే విసుగు తగ్గుతుందనే అందరూ అనుకున్నారు. జరిగింది దానికి వ్యతిరేకం. మారుస్తూ పోయినవాళ్లకే ఎక్కువ విసుగు కలిగింది, చూసినదాంట్లో తృప్తీ తగ్గింది.

కారణం ఊహించడం కష్టం కాదు. ఏదైనా రుచి పట్టడానికి కొంత సమయం పడుతుంది, ఆ సమయం మనం ఇవ్వడం లేదు. మా అపార్టుమెంటు లిఫ్టులో తొమ్మిదో అంతస్తు నుంచి కిందికి రావడానికి నిమిషం కూడా పట్టదు. ఆ నిమిషంలో నేను మూడు వీడియోలు తెరిచి మూడింటినీ మధ్యలో వదిలేయడం ఒకరోజు లిఫ్టు అద్దంలో నా మొహం చూసినప్పుడు నాకే తెలిసింది. మూడింటిలో దేని గురించీ కిందికి దిగాక చెప్పలేకపోయాను.

కాబట్టి సినిమా చూస్తే సినిమా చూడండి, ఒక్కదాన్నే, జరపకుండా. నచ్చకపోతే ఫోను పక్కనపెట్టండి, వేరొకటి తెరవకండి. ఈ మధ్య ఫోను మానడానికి ‘డోపమైన్ ఉపవాసం’ అన్న పేరు బాగా వినిపిస్తోంది. డోపమైన్ శరీరం తనంతట తాను తయారు చేసుకునే రసాయనం, ఏకాదశినాడు అన్నం మానినట్టు దాన్ని మానడం కుదరదు. ఫోను వాడకం తగ్గించడం మంచిదే, దానికి ఆ పేరు అక్కరలేదు.

సిల్క్ బోర్డు దగ్గర, ఔటర్ రింగ్ రోడ్డు మీద రోజూ ట్రాఫిక్కులో గంటలు పోతున్నాయి. ఆ సమయాన్ని ఏం చేయాలి?

ఎదురుచూపుల మనస్తత్వం గురించి డేవిడ్ మేస్టర్ 1985లో రాసిన వ్యాసంలో రెండు సూత్రాలు ఇక్కడ సరిగ్గా వర్తిస్తాయి. ఖాళీగా ఉన్న సమయం పనిలో ఉన్న సమయం కన్నా పొడుగ్గా అనిపిస్తుంది. ఎంతసేపో తెలియని ఎదురుచూపు తెలిసినదానికన్నా పొడుగ్గా అనిపిస్తుంది. మెట్రోలో 50 నిమిషాలు నిలబడినవాడు కారులో 50 నిమిషాలు కూర్చున్నవాడి కన్నా తక్కువ విసుక్కోవడానికి కారణం రెండోదే. 2023లో పర్పుల్ లైను వైట్‌ఫీల్డ్ దాకా వచ్చాక దాన్ని ఎక్కే వీలున్నవాళ్లు ఎక్కడమే ఉత్తమం. వీలు లేనివాళ్లకు, బస్సులోనైనా క్యాబులోనైనా, వినడానికి పొడుగాటి వస్తువు ఒక్కటి ఎంచుకోవడం మేలు: నాటకమో, ప్రవచనమో, చదివి వినిపించే నవలో, రోజుకో ముక్కగా. నిన్న ఆగిన చోటు గుర్తుంటే ఈరోజు బండి ఎక్కడానికి ఒక కారణం ఉంటుంది. సొంత బండి నడిపేవాళ్లు మాత్రం రోడ్డు చూడండి.

ఊరి నుంచి అమ్మానాన్నలను తెచ్చుకున్నాం. అన్ని సౌకర్యాలూ ఉన్నాయి. అయినా పది రోజులకే ‘పొద్దుపోవడం లేదు, వెళ్లిపోతాం’ అంటున్నారు. ఏం చేయాలి?

మా ఇంట్లో జరిగింది చెబుతాను. మా నాన్నగారు పల్నాటి రైతు. అమ్మ పోయాక ఆయన్ను ఇక్కడికి తీసుకొచ్చాం. పెద్ద టీవీ, తెలుగు ఛానళ్లు అన్నీ పెట్టించాను. ఆయన రోజూ బాల్కనీలో కుర్చీ వేసుకుని ఎదురుగా కడుతున్న భవనం మీది క్రేనును చూస్తూ కూర్చునేవారు. ఒకరోజు నేను ఆఫీసు నుంచి రాగానే ‘ఇవ్వాళ అది నలభై ఒక్కసారి తిరిగిందిరా’ అన్నారు. నాకు నవ్వొచ్చింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

ఊళ్లో ఆయనకు వినోదం ఏమీ లేదు. తెల్లవారుజామున గేదె, తరవాత టీ కొట్టు దగ్గర పేపరు, కాలవ గట్టు మీద నడక, సాయంత్రం రచ్చబండ. కానీ అవన్నీ ఆయన కోసం ఎదురుచూసేవి. ఆయన లేవకపోతే గేదె అరుస్తుంది. రెండు రోజులు కనిపించకపోతే టీ కొట్టువాడు మనిషిని పంపిస్తాడు. ఇక్కడ ఆయన లేవకపోయినా ఏదీ ఆగదు. మేము చూపించిన ప్రేమ అంతా ‘మీరు ఏమీ చేయక్కరలేదు, నాన్నా’ అన్న వాక్యంలోనే ఉంది, ఆయన్ను చంపుతున్నది కూడా ఆ వాక్యమే.

పరిస్థితిని మార్చింది నీళ్ల ట్యాంకరు. మా సంఘంవాళ్లు వేసవిలో ట్యాంకర్ల లెక్క తప్పుతోందని బాధపడుతుంటే, ఆయన తనంతట తానే ఒక పొడుగాటి నోటు పుస్తకం కొనుక్కుని గేటు దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. బండి నంబరు, వచ్చిన సమయం, సంపులో నీటి మట్టం వెదురు కర్రతో కొలిచి బెత్తెల్లో. నెల తిరిగేసరికి ట్యాంకరువాళ్లు ఆయన్ను ‘తాతా’ అనేవారు. బండి నంబరు పలకల మీద, బస్సుల మీద కన్నడ అక్షరాలు చూసి చూసి, చదవడం కూడా పట్టుకున్నారు. తెలుగు, కన్నడ లిపులు ఒకే పాత లిపి నుంచి విడివడ్డవి కాబట్టి చాలా అక్షరాలను మనం చూడగానే పోల్చుకోగలం. తలకట్టు ఆకారం, మరికొన్ని అక్షరాలు అలవాటైతే బోర్డులు చదవడం వారం పది రోజుల పని. చదివిన మాటల్లో సగం సంస్కృతం కాబట్టి అర్థమూ తెలుస్తుంది. మరీ తేలికా కాదు, మరీ కష్టమూ కాదు; ఆ వయసులో అంతకన్నా తగిన పని నేను వెతికినా దొరికేది కాదు.

కాబట్టి వాళ్లకు కాలక్షేపం ఇవ్వకండి, వాళ్లు చేయకపోతే నిజంగా ఆగిపోయే పని ఒకటి వదిలిపెట్టండి. కూరగాయల లెక్క కావచ్చు, మనవరాలిని బస్సెక్కించడం కావచ్చు. ఒక హెచ్చరిక: మనవళ్ల బాధ్యత మొత్తం వాళ్ల నెత్తిన వేయడం ఈ కోవలోకి రాదు. అది జీతం లేని ఉద్యోగం అవుతుంది, దానికి వచ్చే విసుగు నాలుగో రకానిది.

సెలవుల్లో పిల్లలు గంటకోసారి ‘బోర్’ అంటున్నారు. వెంటనే ఏదో ఒకటి చూపించాలా?

వెంటనే అక్కరలేదు. పిల్లలు ఆ మాట అన్నప్పుడు పది నిమిషాల నుంచి అరగంట దాకా ఆగి చూడండి. ఆలోపు దిండ్లతో ఇల్లు కట్టడమో, చీపురుపుల్లలతో విల్లు చేయడమో మొదలవుతుంది. అయితే ఆగి చూడటం అంటే వదిలేయడం కాదు. చేతికి అందేలా కాగితాలు, కత్తెర, అట్టపెట్టెలు, తాడు, సుద్దముక్కలు ఉండాలి, ఇల్లు కొంత చిందరవందర కావడానికి అనుమతి ఉండాలి. మచ్చ పడకూడని సోఫా, కిందికి వెళ్లకూడని ఆట స్థలం, తాకకూడని టీవీ పెట్టి, ‘నీ సృజన వాడుకో’ అంటే పిల్లవాడు ఏం చేస్తాడు? ఎండ తగ్గాక కిందికి పంపండి. మరో పిల్లవాడు కనిపిస్తే ప్రశ్న అక్కడితో తీరిపోతుంది.

విసుగు సృజనను పెంచుతుందంటారు. నిజమేనా?

కొంతవరకు. బ్రిటన్‌లో శాండీ మాన్, రెబెకా క్యాడ్‌మన్ 2014లో ప్రచురించిన పరిశోధనలో కొందరి చేత ముందుగా టెలిఫోను డైరెక్టరీలోని నంబర్లు ఎత్తి రాయించారు, ఆ తరవాత ప్లాస్టిక్ కప్పులతో ఏమేం చేయవచ్చో చెప్పమన్నారు. నంబర్లు రాసి విసిగినవాళ్లు, రాయనివాళ్ల కన్నా ఎక్కువ ఉపయోగాలు చెప్పారు. దీన్ని పట్టుకుని విసుగు వరమన్నట్టు రాస్తున్నారు. నేను అంత దూరం వెళ్లను. విసుగులో మనసు తిరుగుతుంది, తిరిగినప్పుడు ఏదైనా తగలవచ్చు. కానీ కథ రాయడానికి, పరికరం బిగించడానికి ఆ తరవాత పట్టే శ్రమ విసుగుతో రాదు. విసుగులో సిగరెట్టు అంటించేవాళ్లు, ఆన్‌లైన్ రమ్మీ తెరిచేవాళ్లు, ఆకలి లేకుండా మిక్చరు పొట్లం ఖాళీ చేసేవాళ్లు పద్యం రాసేవాళ్ల కన్నా ఎక్కువమందే ఉంటారు.

కొందరికి అసలు విసుగే రాదు, నాకు మాత్రం ప్రతిదీ విసుగే. ఇది స్వభావమా?

కొంత స్వభావమే. త్వరగా విసుగు చెందే గుణాన్ని కొలవడానికి 1986లో ఫార్మర్, సండ్‌బర్గ్ అనే ఇద్దరు 28 వాక్యాల ప్రశ్నావళి తయారు చేశారు, దాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. ఏకాగ్రత నిలవని ఇబ్బంది ఉన్నవాళ్లలో ఈ గుణం ఎక్కువగా కనిపిస్తుంది. చిన్నప్పటి నుంచీ ఏ పనిలోనూ నిలవలేకపోవడం, చదువు, ఉద్యోగం రెండూ దెబ్బతినడం ఉంటే మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మాని నిపుణులను అడగండి.

ధ్యానం చేస్తే విసుగు పోతుందా?

కొందరికి ఉపయోగపడుతుంది, మొదటి వారంలో మాత్రం ధ్యానం కన్నా విసుగైనది ఇంకొకటి ఉండదు.

పీజీలో ఉంటున్నాను. శుక్రవారం రాత్రి మడివాళ నుంచి అందరూ ఊళ్లకు బస్సెక్కుతారు. మిగిలిపోయిన నాకు శని, ఆదివారాలు గడవడం లేదు.

ఈ ప్రశ్నలో విసుగు కన్నా ఒంటరితనం ఎక్కువ వినిపిస్తోంది, దానికి విసుగు మందు పనిచేయదు. ఎవరైనా మనుషులుండే చోటికి, ప్రతివారం అదే సమయానికి వెళ్లడం అలవాటు చేసుకోండి. ఒకసారి వెళ్తే అపరిచితులు, ఆరోసారికి పలకరింపులు వస్తాయి. ఉదయం లాల్‌బాగ్‌లో నడవండి. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టించిన తోట, చెట్ల పేర్లు వాటి మీదే రాసి ఉంటాయి, వారానికి ఐదు పేర్లు గుర్తుపెట్టుకున్నా ఏడాదికి పనికొస్తుంది. కబ్బన్ పార్కులో శనివారాలు పుస్తకాలు తెచ్చుకుని చెట్ల కింద మౌనంగా చదువుకునేవాళ్లు కనిపిస్తారు. మాట్లాడవలసిన మొహమాటం లేదు కాబట్టి సిగ్గరులకు అదే మంచి చోటు. క్రికెట్టు, వాలీబాల్ వచ్చినవాళ్లకు నేను చెప్పేదేమీ లేదు, ఈ ఊళ్లో పదకొండో మనిషి కోసం ఎప్పుడూ ఎవరో ఒకరు వెతుకుతూనే ఉంటారు. ఇల్లు తీసుకుని వంట మొదలుపెట్టినవాళ్లకు వారాంతం విసుగు సగం తగ్గడం నేను చాలామందిలో చూశాను, మార్కెట్టుకు వెళ్లి కూరలు ఏరడం దగ్గర నుంచి అంట్లు తోమడం దాకా అది సగం రోజు తినేస్తుంది.

ఇవేవీ పనిచేయడం లేదు. ఇది విసుగేనా, మరొకటా? ఎవరిని అడగాలి?

విసుగులో కోరిక మిగిలి ఉంటుందని మొదటి సమాధానంలో చెప్పాను. ఆ కోరికే ఆరిపోతే అది వేరే సంగతి. ఇంతకుముందు ఇష్టపడినవి కూడా రెండు వారాలకు పైగా, దాదాపు ప్రతిరోజూ, రోజులో ఎక్కువ భాగం, రుచించకపోతే, దానితోపాటు నిద్ర, ఆకలి దెబ్బతింటే, లేవడానికి శక్తి లేకపోతే, నేను పనికిరానివాణ్ణి అనిపిస్తూ ఉంటే, అది డిప్రెషన్ కావచ్చు. అప్పుడు హాబీలు వెతుక్కోవడం కాదు, వైద్యులను కలవాలి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఆ రోజే మాట్లాడాలి.

కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవ నంబరు 14416. ఏ వేళనైనా చేయవచ్చు, డబ్బు కట్టనక్కరలేదు, తెలుగులో మాట్లాడవచ్చు. మన ఊళ్లోనే హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ మానసిక వైద్యశాల ఉంది. ఫోను, ఆటల వాడకం చేయిదాటిపోయినవాళ్ల కోసం 2014 నుంచి అక్కడ షట్ క్లినిక్ అనే ప్రత్యేక విభాగం నడుస్తోంది. మొదటిసారి వెళ్లేవాళ్లు ఉదయాన్నే బయలుదేరండి, ఇంటి మనిషిని ఒకరిని వెంట తీసుకెళ్లండి, వాడుతున్న మందుల చీటీలు మరిచిపోకండి. వరసలో కూర్చోవలసి వస్తుంది కాబట్టి చదువుకోవడానికి ఏదైనా పట్టుకెళ్లండి.